సామాన్యుడి విమానం అంటే ఎంత ఖరీదు? వందేళ్ల ‘మాత్’ కథలోని అసలు లెక్కలు

2025 ఫిబ్రవరి 22కి ఒక చిన్న విమానానికి వందేళ్లు నిండాయి. 1925లో అదే రోజున లండన్ శివార్లలోని స్టాగ్ లేన్ మైదానం నుంచి జెఫ్రీ డీ హావిలాండ్ తన కంపెనీ తయారు చేసిన డీహెచ్-60 మాత్‌ను తానే నడుపుతూ పైకి లేపారు. ఈ విమానం గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకే మాట కనిపిస్తుంది: సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన తొలి విమానం ఇదేనని.

ఆ మాట చదివిన ఎవరికైనా రెండు అనుమానాలు వస్తాయి. ఫ్యాక్టరీ కూలీ సైకిలు కొనడమే గగనమైన రోజుల్లో విమానం సామాన్యుడికి ఎలా అందింది? అదీగాక సిరస్ మాత్, జిప్సీ మాత్, పస్ మాత్, టైగర్ మాత్ అని ఇన్ని పేర్లు వినిపిస్తాయి కదా, వీటిలో అసలుది ఏది? ఈ రెండు ముళ్లూ విప్పితే వెనకాల మంచి చరిత్ర బయటపడుతుంది.

ధర ఒకటి కాదు, మూడు

తేలికపాటి విమానం అంటే ఒకరో ఇద్దరో కూర్చునే, చిన్న ఇంజనుతో నడిచే విమానం. ప్రైవేటు పైలట్ అంటే జీతానికి కాకుండా సొంత అవసరానికో, సరదాకో విమానం నడిపే మనిషి. ఈ మనిషికి విమానం మూడు వైపుల నుంచి ఖర్చు పెట్టిస్తుంది. మొదటిది కొనే ధర. రెండోది ఉంచుకునే ఖర్చు, అంటే షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్, రిపేర్లు. మూడోది నేర్చుకుని ఎగరడానికయ్యే ఖర్చు, అంటే పెట్రోలు, శిక్షకుడి ఫీజు.

చాలామంది మొదటిదాన్నే చూసి చవక, ఖరీదు అని తేల్చేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో, అమెరికాలో సైన్యం వదిలించుకున్న విమానాలు తక్కువ ధరకే దొరికాయి. అయినా ప్రైవేటు పైలట్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. వాటి ఇంజన్లు పెట్రోలును విపరీతంగా తాగేవి, తరచూ విప్పి బాగుచేయాల్సి వచ్చేది, పెట్టుకోవడానికి పెద్ద షెడ్డు కావాలి. కొనగలిగినవాడు కూడా పోషించలేకపోయాడు. అందుకే మాత్‌ను అర్థం చేసుకోవాలంటే రెండో ఖర్చు, మూడో ఖర్చు మీద కన్నేసి ఉంచాలి.

గూడ్సు రైలు దాటేసిన విమానం

1920ల మొదట్లో బ్రిటన్‌లో అందరి ఆలోచనా ఒకటే. విమానం చవక కావాలంటే ఇంజను చిన్నది కావాలి. 1923లో కెంట్ తీరంలోని లింప్నె దగ్గర మోటార్ గ్లైడర్ల, అంటే చిన్న ఇంజను బిగించిన తేలికపాటి విమానాల పోటీలు పెట్టారు. నిబంధన ప్రకారం ఇంజను 750 సీసీ దాటకూడదు, అంటే మోటారు సైకిల్ ఇంజనంత. ఫలితాలు కాగితం మీద అద్భుతంగా వచ్చాయి. రెన్, ఆనెక్ అనే రెండు విమానాలు గ్యాలను పెట్రోలుకు 87.5 మైళ్లు ఎగిరాయి.

డీ హావిలాండ్ కంపెనీ కూడా డీహెచ్-53 హమ్మింగ్ బర్డ్ అనే ఒంటిసీటు విమానంతో ఆ పోటీకి వెళ్లింది. ఆ ఏడాది డిసెంబరులో పైలట్ అలన్ కోబమ్ దాన్ని బ్రస్సెల్స్ ప్రదర్శనకు తీసుకెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి కొట్టింది. విమానం గాల్లో ఉందే గానీ నేల మీద ముందుకు కదలడం లేదు. కింద పట్టాల మీద వెళ్తున్న బెల్జియం గూడ్సు రైలు తనను దాటి వెళ్లిపోవడం చూసి కోబమ్ ప్రయాణం మానుకున్నారు.

ఈ ఒక్క సంఘటనలో అసలు సమస్య అంతా ఉంది. పెట్రోలు పొదుపు ఒక్కటే కొలమానమైతే ఆ విమానాలు గెలిచినట్టే. కానీ గాలి వీస్తే ముందుకు పోలేని, శిక్షకుణ్ణి ఎక్కించుకోలేని విమానంతో ఎవరికీ ఎగరడం నేర్పలేం. 1924లో బ్రిటిష్ విమానయాన శాఖ రెండు సీట్లు, 1,100 సీసీ హద్దుతో మళ్లీ పోటీ పెట్టింది. ఆ హద్దు కూడా చాలదని డీ హావిలాండ్ ఆ పోటీకి దూరంగా ఉండిపోయారు. నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే అనిపిస్తుంది. పోటీలో గెలిచే విమానం, జనం వాడే విమానం ఒకటి కావని ఆయనకు అప్పటికే అర్థమైంది.

పెద్ద ఇంజనుతోనూ ఆయన ప్రయత్నించి చూశారు. డీహెచ్-51 అనే మూడు సీట్ల విమానానికి మొదట యుద్ధం మిగిల్చిన 90 హార్స్‌పవర్ ఇంజను పెట్టారు. దాని జ్వలన వ్యవస్థ (పెట్రోలును అంటించే ఏర్పాటు) పౌర విమానాల అనుమతికి సరిపోలేదు, మార్చితే ఖర్చు పెరిగింది. చివరికి మూడంటే మూడు విమానాలే తయారయ్యాయి.

ఇంజనును సగం చేశారు

చిన్నది చాలదు, పెద్దది మోయలేం. మధ్యస్థంగా 60 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను కావాలి, అలాంటిది మార్కెట్లో లేదు. కొత్తగా డిజైన్ చేయిస్తే ఆ ఖర్చంతా విమానం ధర మీదే పడుతుంది.

దారి చూపింది ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అనే ఇంజనీరు. యుద్ధం మిగిల్చిన విమాన సామగ్రిని అమ్ముకునే ఎయిర్‌క్రాఫ్ట్ డిస్పోజల్ కంపెనీ దగ్గర ఫ్రాన్స్ డిజైన్ రెనో ఇంజన్లు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటికి ఎనిమిది సిలిండర్లు, ‘వి’ ఆకారంలో నాలుగేసి చొప్పున రెండు వరసలు. అసలు శక్తి 80 హార్స్‌పవర్. హాల్‌ఫర్డ్ అప్పటికే దాన్ని మెరుగుపరిచి 120కి పెంచారు. ఇప్పుడు రెండు వరసల్లో ఒకదాన్ని తీసేసి, మిగిలిన నాలుగు సిలిండర్లకు కొత్త క్రాంక్‌కేస్ (సిలిండర్ల కింద ఉండే ఇంజను పెట్టె) తయారు చేశారు. 120లో సగం 60. కావాల్సిన ఇంజను వచ్చేసింది. దానికి సిరస్ అని పేరు పెట్టారు. సిలిండర్ల వంటి ముఖ్య భాగాలన్నీ ముందే తయారై స్టాకులో ఉన్నవే కాబట్టి ఖరీదు అదుపులో ఉంది. గాలితోనే చల్లబడే ఇంజను కావడంతో నీళ్లు, రేడియేటరు, వాటి బరువు అక్కర్లేదు.

ఆ ఇంజను చుట్టూ కట్టిన విమానమే మాత్. దాని శరీరం ప్లైవుడ్ పెట్టె. రెక్కలు చెక్క చట్రం మీద బిగించిన గుడ్డ. పెట్రోలు ట్యాంకును పై రెక్క నడిమధ్యలో పెట్టారు. పెట్రోలు తన బరువుకే కిందికి జారి ఇంజనులోకి వస్తుంది, ఇక పంపు అవసరం లేదు. పంపు లేకపోతే అది పాడయ్యే బాధా లేదు. బ్రేకులు లేవు, తోక కింద చక్రం బదులు ఒక బద్ద. ఒకరు ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితేనే ఇంజను అందుకునేది. ముందు సీట్లో శిక్షకుడు, వెనక సీట్లో విద్యార్థి, ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఒక గొట్టం.

అంతకుముందు గూడ్సు రైలు చేతిలో ఓడిన అదే కోబమ్, 1925 మే 29న మాత్ నమూనా విమానంలో లండన్ నుంచి జూరిచ్ వెళ్లి అదే రోజు తిరిగొచ్చారు. రానూ పోనూ దాదాపు వెయ్యి మైళ్లు.

రెక్కలు మడిచే విమానం

ఉంచుకునే ఖర్చులో పెద్ద భాగం చోటుకే పోతుంది. మాత్ రెక్కల వెడల్పు సుమారు 30 అడుగులు. అంత షెడ్డుకు అద్దె కట్టడం ప్రైవేటు యజమానికి తలకు మించిన భారం. డీ హావిలాండ్ దీనికి రెక్కలు మడిచే ఏర్పాటు చేశారు. ముందు వైపు పిన్నులు తీసి రెక్కలను వెనక్కి తోస్తే అవి కీలు మీద తిరిగి తోక పక్కకు చేరతాయి. మడిచాక వెడల్పు పది అడుగుల లోపే. రెక్కలు చాచిన విమానం ఒకటి పట్టే చోట రెండు మూడు విమానాలు సర్దొచ్చు. కారు వెనక కట్టుకుని రోడ్డు మీద లాక్కెళ్లొచ్చు కూడా.

పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. డీ హావిలాండ్‌కు సీతాకోకచిలుకలు, రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులను సేకరించి పరిశీలించే అలవాటు ఉండేది. రెక్కలు మడుచుకుని వాలిన పురుగులా కనిపించే విమానానికి ఆ పురుగు ఇంగ్లిషు పేరు ‘మాత్’నే పెట్టారు. తర్వాత వచ్చిన చిన్న విమానాలకూ ఇంటిపేరులా అదే కొనసాగింది.

ఒక చిన్న లెక్క: సొంతమా, క్లబ్బా?

తర్వాతి రకం జిప్సీ మాత్ ధర 650 పౌండ్లు. ఆ రోజుల్లో బ్రిటన్ కార్మికుడి వారపు కూలిని సుమారు 3 పౌండ్లు అనుకుందాం. ఏడాదికి 156 పౌండ్లు. తిండీ గుడ్డా మానేసి దాచినా విమానం కొనడానికి నాలుగేళ్లు దాటుతుంది. చిన్న కారుగా పేరుపడ్డ ఆస్టిన్ సెవెన్ 1922లో 165 పౌండ్లకు మార్కెట్లోకి వచ్చింది. అంటే ఒక మాత్ ఖరీదుకు నాలుగు కార్లు. కాబట్టి సామాన్యుడు మాత్‌ను కొనుక్కున్నాడనే మాట నిజం కాదు.

మరి నిజమేంటి? విమానం ఐదేళ్లు పనిచేస్తుందని లెక్క కోసం అనుకుందాం. ఏడాదికి 130 పౌండ్లు అరుగుదల కింద పోతాయి. సొంత యజమాని ఏడాదికి 50 గంటలు ఎగిరితే గంటకు 2.6 పౌండ్లు, అంటే 52 షిల్లింగులు పడుతుంది (అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). అదే విమానం క్లబ్బులో ఉండి సభ్యులంతా కలిసి 500 గంటలు ఎగిరితే గంటకు 5 షిల్లింగుల చిల్లరే. పెట్రోలు ఇద్దరికీ ఒకటే, గంటకు నాలుగైదు గ్యాలన్లు. ధర ఒక్క పెన్నీ తగ్గకుండానే గంటకు పడే అరుగుదల ఖర్చు పదో వంతుకు దిగిపోయింది.

ఈ కిటుకును ప్రభుత్వమే పట్టుకుంది. పౌర విమానయాన డైరెక్టర్ సర్ సెఫ్టన్ బ్రాంకర్ చొరవతో 1925లో లండన్, లాంకషైర్, న్యూకాజిల్, మిడ్‌ల్యాండ్, యార్క్‌షైర్ క్లబ్బులకు సబ్సిడీ ఇచ్చి మాత్‌లు అందించారు. గుమాస్తాలు, టైపిస్టులు, చిన్న వ్యాపారులు గంటల లెక్కన డబ్బు కట్టి నేర్చుకునే దారి అప్పుడు తెరుచుకుంది.

లండన్ క్లబ్బులో అలా నేర్చుకున్న వాళ్లలో ఒకరు ఎమీ జాన్సన్. లాయరు ఆఫీసులో సెక్రటరీగా పనిచేస్తూ ఎగరడం నేర్చుకుని, ఆ పైన ఇంజన్లు విప్పి బిగించే గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా సంపాదించారు. 1930 మే 5న క్రాయ్‌డన్‌లో బయల్దేరి, మే 24న ఒంటరిగా ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరారు. దారిలో పెట్రోలు అయిపోయి ఝాన్సీ పరేడ్ మైదానంలో దిగాల్సి వచ్చింది. ఆమె విమానం 600 పౌండ్ల సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్. ఆ డబ్బు తండ్రి, చమురు వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ కలిసి సర్దారు. చూడండి, నేర్చుకోవడం ఆమె జీతంతో అయింది, కొనడం మాత్రం కాలేదు. మాత్ ఎవరికి ఎంతవరకు అందిందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

సిరస్ పోయి జిప్సీ ఎందుకొచ్చింది?

పాత రెనో ఇంజన్ల గుట్ట ఎప్పటికైనా కరగాల్సిందే. మాత్‌లు అమ్ముడుపోతున్న కొద్దీ అదే జరిగింది. ఇంకొకరి మిగులు స్టాకు మీద ఆధారపడలేమని డీ హావిలాండ్ సొంత ఇంజను పెట్టాలని తేల్చుకున్నారు. మళ్లీ హాల్‌ఫర్డే డిజైన్ చేశారు. 100 హార్స్‌పవర్ జిప్సీ ఇంజనుతో 1928లో జిప్సీ మాత్ వచ్చింది.

ఇంజను ఎంత గట్టిదో జనానికి చూపించడానికి కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. ఒక జిప్సీ ఇంజనుకు సీలు వేసి, పైపై సంరక్షణ తప్ప ఇంకేమీ చేయకుండా 600 గంటలు ఎగిరించారు. సుమారు 51,000 మైళ్లు. తర్వాత విప్పి చూస్తే మార్చాల్సి వచ్చిన పార్టుల ఖరీదు 7 పౌండ్ల చిల్లర. గంటకు మూడు పెన్నీలు కూడా కాదు. రిపేరు ఖర్చు భయంతో వెనక్కి తగ్గే యజమానికి ఇంతకంటే ఏం కావాలి!

ఏ మాత్ ఏది?

పాత ఫొటోల కింద పేర్లు తారుమారు కావడం మామూలే. గుర్తుపట్టడం అంత కష్టం కాదు.

సిరస్ మాత్, జిప్సీ మాత్ రెండూ డీహెచ్-60 రకాలే, తేడా ప్రధానంగా ఇంజనులో. రెక్కలు తిన్నగా ఉంటాయి, సిలిండర్లు నిటారుగా పైకి నిలబడి ఉంటాయి. పస్ మాత్ వేరే విమానం. ఒకే జత రెక్కలు, మూసిన క్యాబిన్, కారులో కూర్చున్నట్టు లోపల కూర్చోవాలి.

టైగర్ మాత్ 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. ఇది సైనిక శిక్షణ కోసం పుట్టింది. పాత మాత్‌లో ముందు సీటు సరిగ్గా పై రెక్క, ట్యాంకు కింద ఉండేది. పారాచూట్ కట్టుకున్న శిక్షకుడు ప్రమాదంలో అక్కడి నుంచి బయటపడటం కష్టం. అందుకని పై రెక్కను ముందుకు జరిపారు. అలా జరిపితే బరువు సమతూకం చెడుతుంది కాబట్టి రెక్కల చివర్లను వెనక్కి వాలేలా పెట్టారు. ఫొటోలో రెక్కలు వెనక్కి వాలి ఉండి, ఇంజను తలకిందులుగా బిగించడం వల్ల ముక్కు కిందికి దిగి కనిపిస్తే అది టైగర్ మాత్. దాని రెక్కలు మడవలేరు. సైన్యానికి షెడ్డు అద్దె బెంగ లేదు కదా. ఈ రకం 8,000కు పైగా తయారైంది. అందుకే కళ్లకు ఎక్కువగా పడేదీ, జిప్సీ మాత్ అని పొరపాటు పడేదీ ఇదే.

‘తొలి చవక విమానం’ ఇదేనా?

ఇక్కడ వాదనలు వేర్వేరుగా ఉన్నాయి, ప్రతిదానిలో పస ఉంది.

మాత్ ధనవంతుల బొమ్మ అనేవాళ్లు వేల్స్ యువరాజు కూడా ఒక జిప్సీ మాత్ కొనుక్కున్నాడని గుర్తు చేస్తారు. ధర లెక్క చూశాం కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేం. అమెరికా వైపు నుంచి చూసేవాళ్లు 1929లో ఎగిరిన ఏరోంకా సీ-2ను ముందు పెడతారు. దాని ధర 1,495 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 307 పౌండ్లు, మాత్‌లో సగం కూడా లేదు. కానీ అది ఒంటిసీటుది, ఇంజను 26 హార్స్‌పవర్. నేర్చుకోవడానికి పనికిరాదు. 1930ల చివరిలో వచ్చిన పైపర్ జే-3 కబ్ వెయ్యి డాలర్లకు కాస్త పైగా ధరకు రెండు సీట్లు ఇచ్చింది, దాదాపు 20,000 తయారైంది. కొనే ధర ఒక్కటే కొలమానం అయితే కిరీటం కబ్‌కే ఇవ్వాలి. అయితే అది మాత్ వచ్చిన పదేళ్లకు పైగా తర్వాతి సంగతి.

చవకను ఇంకా దూరం లాగిన ప్రయత్నం ఫ్రాన్స్‌లో జరిగింది. హెన్రీ మిన్యే 1933లో ఎవరికివారే ఇంట్లో కట్టుకోగల హెచ్ఎం-14 విమానాన్ని రూపొందించారు. ఇంగ్లండులో దాన్ని ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అన్నారు. వందలమంది కట్టడం మొదలుపెట్టారు. 1935-36లో వరసగా ప్రాణాలు పోయాయి. అసలు సైజు విమానాన్నే గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు. ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే, పైలట్ ఎంత లాగినా విమానం తిరిగి లేవదని తేలింది. ఆ తర్వాత బ్రిటన్ దానికి అనుమతులు ఆపేసింది. పాపం, ఆ కుర్రాళ్లు డబ్బు తక్కువై దాన్ని ఎంచుకున్నారు గానీ ధైర్యం తక్కువై కాదు.

సబ్సిడీ మీద కూడా రెండు అభిప్రాయాలున్నాయి. ప్రజల డబ్బుతో కొందరి సరదా తీర్చారని ఒకటి. యుద్ధం వస్తే పైలట్లు తయారుగా ఉండాలనే ముందుచూపు అని మరొకటి. 1939లో యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్‌లో ప్రైవేటు ఎగరడం ఆగిపోయింది, సొంత మాత్‌లెన్నో ప్రభుత్వ సేవకు వెళ్లిపోయాయి. రెండో అభిప్రాయం వాళ్లు దీన్నే రుజువుగా చూపిస్తారు. కానీ క్లబ్బులు లేకపోతే ఎమీ జాన్సన్ లాంటి వాళ్లకు కాక్‌పిట్ దక్కేదే కాదన్న సంగతి ఈ రెండు వాదనల మధ్యా మరుగున పడకూడదు.

ఈ విమానం మన దాకా ఎలా వచ్చింది?

1926 నవంబరులో నెవిల్ స్టాక్, బెర్నార్డ్ లీట్ అనే ఇద్దరు చెరో మాత్‌లో లండన్ నుంచి బయల్దేరి 1927 జనవరిలో కరాచీ చేరారు. తేలికపాటి విమానాలు అంత దూరం రావడం అదే మొదలు. మరుసటి ఏడాది నుంచి ఢిల్లీ, బొంబాయి, కరాచీ, కలకత్తాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు వచ్చాయి. బ్రిటన్‌లో లాగే ఇక్కడా సబ్సిడీ, ఇక్కడా మాత్‌లే. 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటా ఇండియాలో ఇచ్చిన ఒకటో నంబరు పైలట్ లైసెన్సు అందుకున్నారు.

ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరే తొలి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 1930లో జేఆర్‌డీ కరాచీ నుంచి, ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రవాడు ఇంగ్లండు నుంచి, ఇద్దరూ జిప్సీ మాత్‌ల మీదే ఎదురెదురుగా బయల్దేరారు. ఈజిప్టులోని అబూకిర్ దగ్గర స్పార్క్ ప్లగ్ లేక ఆగిపోయిన ఆస్పీకి జేఆర్‌డీ తన దగ్గరున్నది ఇచ్చి పంపారు. బహుమతి ఆస్పీకే దక్కింది. ఆయన తర్వాత భారత వైమానిక దళాధిపతి అయ్యారు. 1936లో 21 ఏళ్ల సరళా ఠక్రాల్ లాహోర్‌లో జిప్సీ మాత్‌ను ఒంటరిగా నడిపారు.

1932 అక్టోబరు 15న జేఆర్‌డీ కరాచీ నుంచి టపా తెచ్చింది పస్ మాత్‌లో. బొంబాయి నుంచి ఆ సంచులను ఆయన సహచర పైలట్ నెవిల్ విన్‌సెంట్ మద్రాసుకు చేర్చారు, మధ్యలో దిగింది అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బళ్లారిలో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలో ప్రాథమిక ఫ్లయింగ్ శిక్షణ స్కూలు నడిచింది. అక్కడ కొత్త పైలట్లు టైగర్ మాత్‌ల మీద చేయి తిప్పుకున్నారు.

స్వాతంత్ర్యం తర్వాత మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో టైగర్ మాత్‌లు అరిగిపోతుంటే, వాటి స్థానానికి బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ పుష్పక్ అనే రెండు సీట్ల విమానం తయారు చేసింది. 1958 సెప్టెంబరులో అది మొదటిసారి ఎగిరింది. దాని డిజైన్‌కు ఆధారం అమెరికా ఏరోంకా కంపెనీ చీఫ్ విమానం, ఇంజను 90 హార్స్‌పవర్ కాంటినెంటల్. మాత్‌కు పోటీగా సగం ధరతో మొదలైన కంపెనీ డిజైనే చివరికి మన క్లబ్బుల్లో మాత్‌ల చోటుకు వచ్చింది. సుమారు 160 పుష్పక్‌లు తయారయ్యాయి. అవి దాదాపు అన్నీ దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకే వెళ్లాయి.